ఒరగని రాజ్‌దూత్

ఆ రోజు పొద్దున దేవసహాయం వేసుకున్న ఏర్పాటులో ఇబ్బంది పడాల్సింది ఏమీ లేదు. భార్య జీవమ్మ ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని బస్సులో ముందుగా ఆళ్లగడ్డ వెళ్తుంది. తాను పెద్దమ్మను రాజ్‌దూత్ మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నిదానంగా బయలుదేరతాడు. భోజనాల వేళకు చాలా ముందే అందరూ పెళ్లికొడుకు తండ్రి సంజీవయ్యగారి ఇంట్లో కలుసుకుంటారు. ఇల్లు చూస్తారు, వాకిలి చూస్తారు, పిల్లవాడు ఇస్సాకును ఇంకోసారి చూస్తారు. అన్నీ నచ్చితే పెద్దమ్మ నోటితో ఒక మాట అనిపించి, సాయంత్రానికి నంద్యాల తిరిగి వచ్చేస్తారు.

పెళ్లికూతురు దేవసహాయం చెల్లెలు ప్రేమకుమారి. ప్రాథమిక పాఠశాలలో టీచరు. తండ్రి పోయాక ఆమెకు అన్నే పెద్దదిక్కు. ఇంతకుముందు రెండు సంబంధాలు మాటల దగ్గరే జారిపోయాయి. ఇస్సాకు తాలూకా ఆఫీసులో గుమాస్తా, నెమ్మదైన మనిషి. అతను నచ్చాడని ప్రేమకుమారి ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ సంబంధం మాట వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ అడగకుండానే కీర్తనలు పాడుతోంది. ఈసారి గనక తప్పిపోతే ఆ పాటలు ఆగిపోతాయని దేవసహాయానికి తెలుసు.

ఇబ్బంది ఉందంటే అది రాజ్‌దూత్‌తోనే. దేవసహాయం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంటు. అక్కడి హెడ్ క్లర్కు శేషయ్య దగ్గర ఆ పాత బండిని కొన్నాడు. కొన్న వారంలోనే కాలువగట్టు మలుపులో పడ్డాడు. మలుపు తిరగబోతుంటే బండి కొంచెం పక్కకు ఒరిగింది. దేవసహాయం బెదిరిపోయి ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. ఇసుక మీద చక్రం జారింది. మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి.

చూడటానికి వచ్చిన శేషయ్య నిమ్మరసం తాగి విషయం తేల్చేశాడు.

"మలుపులో బ్రేకు పట్టినావు, పడినావు. బండి తప్పేముంది దాంట్లో? బండి ఒరగాలప్పా. ఒరిగితేనే తిరుగుతాది. టైరు పట్టుకుంటాది, నువ్వు నమ్మాల."

"ఒరిగింది కాబట్టే గదా పడింది?" అన్నాడు దేవసహాయం.

"ఒరిగినందుకు పడలేదు. నువ్వు బెదిరినందుకు పడింది. ఇంకో మాట చెప్తా ఇను. నువ్వు యాడ చూస్తే బండి ఆడికే పోతాది. గుంతను చూసినావంటే గుంతలోకే. అందుకని పోవాల్సిన దిక్కే చూడాల."

ఈ రెండు మాటల్లో రెండోది దేవసహాయానికి నచ్చింది. మొదటిది మాత్రం తలకెక్కలేదు. ఒరిగిన గోడ పడిపోవడం చూశాడు, ఒరిగిన గడ్డివామి పడిపోవడం చూశాడు. బండికి వేరే న్యాయం ఎందుకుంటుంది? ఆదివారం చర్చిలో విశ్వాసం గురించి పాస్టరుగారు ఎంతసేపు చెప్పినా తలూపుతూ వినే మనిషి, రెండంగుళాల రబ్బరును నమ్మమంటే ససేమిరా అన్నాడు.

అప్పటినుంచి అతని పద్ధతి ఒకటే. తిన్నని రోడ్డు మీద ఠీవిగా పోతాడు. మలుపు వచ్చేసరికి నిలబెట్టి, దిగి, బండిని నిటారుగా పట్టుకుని చుట్టూ తిప్పి, మళ్లీ ఎక్కుతాడు. మరీ చిన్న వంపు అయితే రెండు కాళ్లూ నేల మీద ఈడ్చుకుంటూ నడిపిస్తాడు. ఏడాదిన్నరలో మూడు జతల చెప్పులు అరిగాయి, టైర్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి.

"అందరం బస్సులోనే పోదాం గదప్పా. ఆ బండెందుకు ఈ పొద్దు?" అంది జీవమ్మ, బయలుదేరేముందు.

"మోటారు సైకిలు మీద వస్తామని చెప్పి పంపించినా గదా. ఇప్పుడు బస్సు దిగి నడుచుకుంటా పోతే ఏమనుకుంటారు?"

"దిగి తోసుకుంటా పోతే ఏమనుకుంటారు?"

దేవసహాయం దానికి కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. "వాళ్ల ఇంటికి కొంచెం ముందరే నిలబెడతా. పెద్దమ్మను దించి, ఆమె పక్కన బండిని తోసుకుంటా నడిచిపోతా. పెద్దామెను గౌరవంగా నడిపించుకొని వచ్చినాడు అనుకుంటారు."

జీవమ్మ బస్సెక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి బండిని చూసింది.

పెద్దమ్మ అంటే దేవసహాయం తల్లికి అక్క, పేరు దేవమ్మ. భారీ మనిషి, మాట అంతకంటే భారీ. ఆమె ఒప్పుకోకుండా ఆ ఇంట్లో ఏ శుభకార్యమూ జరగలేదు. కొత్త చీర కట్టుకుని, రెండు కాళ్లూ ఎడమవైపుకు వేసుకుని, బండి వెనక పక్కవాటంగా కూర్చుంది. ఊరు దాటకముందే ఆమెలో ఒక అలవాటు బయటపడింది. బండి ఏ కొంచెం ఎడమకు వంగినా తాను కుడికి వంగుతుంది. కుడికి వంగితే ఎడమకు వంగుతుంది.

"పెద్దమ్మా, అట్ల కదలొద్దు. బండి పోవాల్సినట్ల పోదు."

"నేను పట్టుకోకుంటే పడిపోదారా? నువ్వు ముందర చూసుకో, ఎనక సంగతి నేను చూసుకుంటా."

శిరివెళ్ల దాకా ఇద్దరూ కలిసి బండిని గునపంలా నిటారుగా తీసుకుపోయారు. ఊరు దాటగానే రోడ్డు మెల్లగా ఎడమకు తిరిగింది. కాళ్లీడ్చి తిప్పగలిగినంత వంపే. కానీ ఆ మూలలో రోడ్డు అంచున ఎవరో వేరుశనగకాయలు ఎండబోశారు. దేవసహాయం ఆ కాయలను చూశాడు. చూడకూడదని గుర్తుకొచ్చేసరికే చూసేశాడు. అతను హ్యాండిలు ఎడమకు తిప్పబోయాడు, వెనక పెద్దమ్మ బరువంతా కుడికి వేసింది. బండి ఇద్దరి మాటా వినకుండా తిన్నగా కాయల్లోకి పోయి, పటపటమని తొక్కుకుంటూ ఆ చివర మళ్లీ రోడ్డెక్కింది.

కాయలకు కాపలా ఉన్న ఆమె చీపురు పట్టుకుని లేచింది. "ఒరే, రోడ్డు కనపళ్లేదా నీకు? నిలబడ్రా! మా వాళ్లను ట్రాక్టరేసుకొని నీ ఎంట పంపిస్తా, యాడికి పోతావో చూస్తా!"

దేవసహాయం బండి నెమ్మది చేయబోయాడు. "దిగి ఒక మాట చెప్పి వద్దాం పెద్దమ్మా."

"చీపురు పట్టుకున్నామెతో ఏం చెప్తావురా? పోనీ పోనీ. నా కొత్త చీర మీద ఒక దెబ్బ పడిందంటే ఊరుకోను."

అలా ఆళ్లగడ్డ వచ్చింది.

సంజీవయ్య రిటైరైన హెడ్మాస్టరు. ఇల్లు ఊరి మొదట్లోనే, మెయిన్ రోడ్డుకు కుడివైపున ఉంది. గేటులోకి పోవాలంటే అక్కడ రోడ్డు మీది నుంచి ఒక్కసారిగా కుడికి తిరగాలి. దేవసహాయం అనుకున్నదేమంటే, ఆ ఇంటికి ముందు ఏ చింతచెట్టు చాటునో బండి నిలబెట్టాలని. జరిగిందేమంటే, సంజీవయ్య కుటుంబం మర్యాద కోసం రోడ్డు మీదికే వచ్చి ఎదురుచూస్తోంది. దండలు పట్టుకుని సంజీవయ్య, ఇస్త్రీ చొక్కాలో ఇస్సాకు, చర్చి యువకులు నలుగురు డోలక్, తాళాలతో. వాళ్ల వెనక, గేటు పక్కన, తళతళా కడిగిన ట్రాక్టరు ఒకటి.

నిలబెట్టడానికి చాటు లేదు. అంతమంది ముందర దిగి తోసుకుంటూ పోవడానికి మనసు ఒప్పలేదు. అంతమంది ముందర కుడికి తిప్పి పెద్దమ్మతో సహా పడటానికి ధైర్యం చాలలేదు. దేవసహాయం ఒక్క క్షణంలో నిర్ణయించుకున్నాడు. తిన్నగా పోయి, ఊరవతల ఎవరూ చూడనిచోట బండిని దిగి తిప్పుకుని, తిరిగి రావాలి. ఇంటివైపు చూస్తే బండి ఇంటివైపే పోతుంది కాబట్టి, మెడ బిగించి రోడ్డునే చూస్తూ పోయాడు.

పెద్దమ్మ ఎడమవైపు తిరిగి కూర్చుని ఉంది కనుక ఆమెకు ఇల్లూ కనపడలేదు, మనుషులూ కనపడలేదు. వాళ్లకు మాత్రం ఆమె వీపు నిండుగా కనపడింది.

"ఏందిరా, ఏందో డోలు చప్పుడు ఇనపడ్తాండాది?"

"ఎవరిదో పెండ్లి పెద్దమ్మా."

రోడ్డు మీద డోలక్ ఆగిపోయింది. దండ పట్టుకున్న సంజీవయ్య చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"ఇల్లు చూసేకి వచ్చి మొగం గూడ తిప్పకుండా పోతాండారే!" అన్నాడు. "ఆ పెద్దామె అయితే వీపు చూపించి పోయింది!"

అప్పటికే బస్సు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్న జీవమ్మకు జరిగింది అర్థమైంది. నిజం చెప్తే భర్త పరువు పోతుంది. చెప్పకపోతే సంబంధం పోతుంది. రెంటికీ మధ్య ఏదో ఒకటి చెప్పాలనుకుంది.

"ఏం లేదు మామా. మా ఆయప్పకు యాడికి పోయినా ముందర ఊరంతా ఒక సుట్టు తిరిగి, అన్నీ ఇచారించుకొని వచ్చేది అలవాటు. వస్తాడు లే."

ఆ మాట సంజీవయ్యను నిలబడనివ్వలేదు. ఎందుకంటే తళతళలాడుతున్న ఆ ట్రాక్టరు వాళ్లది కాదు. మధ్యవర్తితో మాటల్లో మాటగా మాకు ట్రాక్టరు కూడా ఉందని ఒకసారి అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకోలేక, ఇల్లు చూసే రోజుకని పక్క వీధి సుబ్బయ్యను బతిమాలి తెచ్చి నిలబెట్టాడు. విచారణ చేసే మనిషికి సుబ్బయ్య ఇల్లు దొరకడం ఎంతసేపు?

"ఇస్సాకూ, ట్రాక్టరు తియ్! ఆయప్ప సుబ్బయ్య ఇంటికి చేరకముందే పట్టుకోవాల. దావలోనే నిజం చెప్పేసుకుందాం. మనం చెప్తే ఒక తీరుగా ఉంటాది, సుబ్బయ్య చెప్తే ఒక తీరుగా ఉంటాది."

సంజీవయ్య మడ్‌గార్డు మీదెక్కి కూర్చున్నాడు. దండలు చేతుల్లోనే ఉన్నాయి. యువకులు ఇద్దరు రెండో పక్క ఎక్కారు. ఇస్సాకు ట్రాక్టరును రోడ్డెక్కించాడు.

దేవసహాయం అప్పటికి నాలుగు రోడ్ల దగ్గర జనంలో చిక్కుకుని, నడిచేవాళ్లతో సమానంగా పోతున్నాడు. సందు దొరికి ముందుకు కదిలాక అద్దంలో చూస్తే, వెనక ఒక ట్రాక్టరు. దాని మీద మనుషులు చేతులూపుతూ అరుస్తున్నారు. ఒకరి చేతిలో ఏదో పొడుగ్గా వేలాడుతోంది. అతనికి శిరివెళ్లలో చీపురు పట్టుకున్నామె మాట గుర్తొచ్చింది.

"పెద్దమ్మా, శనక్కాయలోళ్లు వస్తాండారు!"

పెద్దమ్మ మెడ తిప్పి చూసింది. "ఒరే, తాళ్లు తెచ్చినారురా! కట్టేసేకి! తోలు నాయనా, తోలు!"

ఆమె అన్నది దండల గురించే.

ఊరు దాటి చాగలమర్రి రోడ్డు ఎక్కారు. ట్రాలీ లేని ట్రాక్టరు కావడంతో అది ఊపుగానే వస్తోంది. దేవసహాయం ఎన్నడూ లేనంత వేగం అందుకున్నాడు. బండికి అంత వేగం ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు. గాలికి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎదురుగా వాగు, వాగు మీద వంతెన, వంతెన దాటగానే రోడ్డు బాగా కుడికి తిరుగుతోంది. తిరగకపోతే ఎదురుగా కంపచెట్ల గుంత.

దిగి తోసుకోవడానికి ఇది సమయం కాదు. బ్రేకు వేసి నిలబడితే వెనకవాళ్లు వచ్చేస్తారు. దేవసహాయం గుంతను చూడబోయి, గట్టిగా తల తిప్పుకుని, మలుపు చివర రోడ్డు ఎక్కడికి పోతుందో అక్కడ చూపు నిలిపాడు. అతనికి కావలసిందల్లా ఆ చివరికి చేరడమే. వెనక పెద్దమ్మ భయంతో అతని నడుమును రెండు చేతులా చుట్టేసి, ముఖం వీపులో దాచుకుంది. ఎటు వంగాలో చూసుకోవడానికి ఆమె కళ్లు తెరిచి లేదు. అందువల్ల అతను ఎటు పోతే ఆమె అటే పోయింది.

బండి ఒరిగింది. ఇంకా ఒరిగింది. రోడ్డు మోకాలి దగ్గరికి వచ్చినట్టనిపించింది. దేవసహాయం ఊపిరి బిగబట్టాడు గానీ, బ్రేకు వైపు వేలు పోనివ్వలేదు. గోడ మీది బల్లిలా టైరు రోడ్డును పట్టుకుంది. జారలేదు, వణకలేదు. వంపు అయిపోగానే బండి తనంతట తానే లేచి నిలబడింది. గుంత వెనక ఎక్కడో ఉండిపోయింది.

కొంత దూరం పోయాక, ఏడాదిన్నరగా ఈ రబ్బరును అనుమానించానే అనుకున్నాడు. తరువాత నవ్వు వచ్చింది. ఆ తరువాత ఇంకో మలుపు కావాలనిపించింది.

"పెద్దమ్మా, ఒరిగింది చూసినావా? పడలేదు!"

"కండ్లు తెరిస్తే గదరా చూసేకి! యాడికి వచ్చినాం?"

పత్తి మిల్లు ముందున్న విశాలమైన మైదానంలో దేవసహాయం బండిని గుండ్రంగా తిప్పాడు. ఒకసారి చాలు. అతను మూడుసార్లు తిప్పాడు. మూడోసారికి పెద్దమ్మ తిట్లు కీర్తనల్లో కలిసిపోయాయి. ఇక ఆళ్లగడ్డ వైపు మళ్లాడు.

వంతెన ఇవతల ట్రాక్టరు రోడ్డు పక్కన ఆగి ఉంది. డీజిలు అయిపోయింది. మర్యాదకు నిలబెట్టే ట్రాక్టరులో డీజిలు ఉందో లేదో సంజీవయ్య చూసుకోలేదు, సుబ్బయ్య చెప్పలేదు. రాజ్‌దూత్ తిరిగి రావడం చూసి నలుగురూ రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులూపారు. కానీ ఇప్పటి దేవసహాయం పొద్దుటి దేవసహాయం కాడు. ముఖాలు చూడలేదు, మనుషుల మధ్య సందును చూశాడు. ఎడమకు ఒరిగి, వెంటనే కుడికి ఒరిగి, దండల మధ్యగా దూరి వెళ్లిపోయాడు.

"దొరకలేదు!" అని అరిచాడు.

"ఏమన్నాడు?" అన్నాడు సంజీవయ్య.

"సుబ్బయ్య దొరకలేదేమో నాయనా," అన్నాడు ఇస్సాకు. అతని చూపు మాత్రం ఆ బండి పోయినవైపే ఉంది.

సంజీవయ్య ఇంటి గేటు ఇప్పుడు ఎడమవైపుకు వచ్చింది. అరుగు మీద జీవమ్మ, బంధువులు, సంజీవయ్య భార్య సుగుణమ్మ ఎదురుచూస్తున్నారు. దేవసహాయం దూరం నుంచే గేటును చూసి, బండిని బాగా పండబెట్టి, ఒకే ఊపులో లోపలికి తిప్పి, అరుగుకు జానెడు దూరంలో నిలిపాడు. కోళ్లు గోడెక్కాయి. పెద్దమ్మ దిగి, తూలి, అరుగు పట్టుకుని నిలబడింది. దేవసహాయం భార్యవైపు చూసి మెచ్చుకోలు కోసం ఆగాడు.

జీవమ్మ ఏమీ అనకముందే సుగుణమ్మ లేచి నిలబడింది.

"ఏమమ్మా, నంద్యాలలో మలుపు వస్తే బండి దిగి తోసుకొని పోయే మనిషి ఈయప్పేనని మాకు చెప్పినారే. ఆ మనిషి వేరేనా?"

జీవమ్మ పొద్దుటినుంచి ఏది దాచాలని తంటాలు పడిందో అది ఈ ఇంట్లో ముందే తెలుసు.

"మా చెల్లెలు నంద్యాలలో నర్సు. ఆమె చెప్పింది," అంది సుగుణమ్మ. "అది ఇన్నాకనే, ఈ సంబంధమే కావాలంటి. మా అన్న మోటారు సైకిలు మీద కాలు ఇరగ్గొట్టుకొని ఏండ్ల తరబడి కుంటుతాండాడు. మా వాడు చూస్తే పొద్దు లేస్తూనే బండి కొనియ్యి, బండి కొనియ్యి అని పానం తీస్తాండాడు. ఇంత నిదానస్తుని చెల్లెలు ఇంటికొస్తే వానికి బుద్ధి చెప్తాది అనుకుంటి. ఈయప్ప బండిని నేలకు పండబెట్టి తిప్పుతాండాడు! ఇట్లాంటి ఇంటితో నాకు వద్దు తల్లీ."

దేవసహాయం ముఖంలో వెలుగు ఆరిపోయింది. తన బండి తోలకం చూసి ఒక మనిషి భయపడటం ఇదే మొదటిసారి. వేరే రోజైతే సంతోషించేవాడు. ఇప్పుడు ఇంట్లో చెల్లెలి పాటలు గుర్తొచ్చాయి.

"అత్తా, నాకు బండి తోలేది రాదు," అన్నాడు.

"కండ్లార చూస్తిని గదా."

"అది ఈ పొద్దే. ఇంతకుముందర ఒక్క మలుపు గూడ తిప్పి ఎరగను."

"మొదటి రోజే ఇట్ల తోలేవానివి, ఏడాదికి ఏం చేస్తావు నాయనా?"

జీవమ్మ ముందుకొచ్చింది. ఏడాదిన్నరగా మింగుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"రాదత్తా, దేవుని తోడు రాదు. చర్చికి పోయేకి మాకు మూడే మూడు మలుపులు. ఒక్కొక్క మలుపు కాడ నన్ను దించుతాడు, తాను దిగుతాడు, ఎద్దును తిప్పినట్ల బండిని తిప్పుతాడు, మల్ల ఎక్కమంటాడు. మేం పోయేసరికి రెండో పాట అయిపోతాది. పిల్లోళ్లు సైకిళ్ల మీద మమ్మల్ని దాటుకొని పోతా నమస్కారం పెడ్తారు. ఆయప్ప చెప్పులు చూడు, ఎంత అరిగిపోయినాయో!"

దేవసహాయం కాలు ఎత్తి చెప్పు అడుగు చూపించాడు. తన చేతకానితనానికి ఇంత ఆత్రంగా రుజువు చూపించుకోవలసి వస్తుందని అతను అనుకోలేదు.

పెద్దమ్మ అప్పటికి ఊపిరి కూడదీసుకుంది. "వదినా, ఎనక కూచొని వచ్చిన దాన్ని నేను. వీనికి తోలేది రాదు. వచ్చినోడైతే శిరివెళ్ల కాడ శనక్కాయల్లోకి యాల పోతాడు? వాళ్లు ట్రాక్టరేసుకొని తరిమితే భయానికి తిప్పినాడు. అంతే."

"ఏ ట్రాక్టరు?" అంది సుగుణమ్మ.

సరిగ్గా అప్పుడే నాపరాళ్ల లారీ ఒకటి గేటు ముందు ఆగింది. రాళ్ల మీది నుంచి సంజీవయ్య దిగాడు. తల నుంచి కాలి దాకా తెల్లటి దుమ్ము. దండలు మెడలోనే వేసుకున్నాడు, చేతులతో లారీని పట్టుకోవలసి వచ్చింది మరి. దిగీ దిగకముందే రెండు చేతులూ జోడించాడు.

"ట్రాక్టరు మాది కాదప్పా! సుబ్బయ్యది! నోరు జారి ఒకసారి అంటిని. నువ్వు ఇచారించుకొనే వచ్చింటావు, అయినా నా నోటితో నేను చెప్పేస్తాండా. నాలుగెకరాలు నిజం, ఇల్లు నిజం, పిల్లోని ఉద్యోగం నిజం. ట్రాక్టరొక్కటే అబద్ధం."

దేవసహాయం ఆయన్ను, ఆయన మెడలోని దండలను, వెనకే దిగుతున్న యువకులను మార్చి మార్చి చూశాడు.

"ఎనక తరుముకుంటా వచ్చింది మీరా మామా?"

"మేమే! రెండుసార్లు చెయ్యి ఊపితి. రెండోసారి మా నడుమన దూరి పోతివి."

ఇస్సాకు దుమ్ము దులుపుకోవడం కూడా మరచిపోయి దేవసహాయం పక్కకు వచ్చాడు. "అన్నా, ఆ వంతెన కాడ ఎట్ల తిప్పినావన్నా? ట్రాక్టరు మీద నుంచి చూస్తాంటే ఫుట్‌రెస్టు రోడ్డుకు ఆనిందనుకుంటి! ఏ గేరులో..."

తల్లి చూపు తగిలి గేరు దగ్గర ఆగిపోయాడు.

సుగుణమ్మ భర్తను చూసింది. ట్రాక్టరు వద్దని ఆమె మొదటే చెప్పింది, ఆయన వినలేదు. తరువాత దేవసహాయాన్ని చూసింది. అతను ఇంకా ఒక చెప్పు చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె పెదవి చివర కొంచెం కదిలింది.

"మేం లేని ట్రాక్టరు ఉండాదంటిమి. మీరు రాని బండి వస్తాదంటిరి," అంది. "ఇద్దరికిద్దరం సరిపోయినాం. ఆ పిల్ల ఏమన్నా అబద్ధం చెప్పిందా?"

"టీచరమ్మ, చెప్పదు," అన్నాడు దేవసహాయం.

"పాటలు బాగా పాడ్తాదంట గదా?"

"పాడ్తాది. ఆపదు గూడ."

"అయితే లోపలికి రండి, అన్నం చల్లగైతాది."

పెద్దమ్మ అరుగు మీద నుంచి లేచి, చీర సర్దుకుని, అప్పుడు మొదటిసారి ఇంటివైపు తిరిగి చూసింది. "ఇల్లు చూసేకి వచ్చి, పొద్దుటినుంచి ఇల్లొక్కటి తప్ప అన్నీ చూస్తిమి. బాగనే ఉండాది వదినా ఇల్లు. గేటు ఇంకొంచెం వెడల్పు పెట్టుకోండి."

భోజనాలు బాగా జరిగాయి. శిరివెళ్లలో ఆ వేరుశనగకాయలామె దగ్గరికి తిరుగు ప్రయాణంలో జీవమ్మే వెళ్లి మాట్లాడాలని నిర్ణయమైంది. పాస్టరుగారిని పిలిపించి, క్రిస్మస్ దాటాక తేదీ పెట్టుకోవడానికి విస్తరాకులు ఎత్తినంతసేపు కూడా పట్టలేదు. ఇక మిగిలింది వంతెన దగ్గర నిలిచిపోయిన సుబ్బయ్య ట్రాక్టరు. చీకటి పడేలోగా దాన్ని తెచ్చి అప్పగించాలి. డబ్బా ఉంది, బంకులో డీజిలు ఉంది, రాజ్‌దూత్ వాకిట్లో సిద్ధంగా ఉంది. ఇస్సాకు లేచాడు, తల్లి కూర్చోబెట్టింది. మిగతావాళ్లు లేవలేదు.

పెళ్లి సంగతి అంత తొందరగా తేల్చుకున్న రెండు కుటుంబాలకూ, డబ్బా పట్టుకుని దేవసహాయం వెనక ఎవరు కూర్చోవాలన్నది మాత్రం సాయంత్రం దాకా తేలలేదు.